ఖాళీ ఇంటి వాసాలు

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. ఎవరూ తినని ఇంటివి లెక్కపెడితే తప్పు లేదనుకుంటాను. కోనసీమలో మా అమ్మమ్మ ఊళ్లో ఒక మండువా లోగిలి ఉంది. పాతికేళ్లుగా అందులో ఎవరూ ఉండటం లేదు. వాసాలు లెక్కపెట్టడానికి లోపలికి వెళ్లనక్కరలేదు, వీధి అరుగు దగ్గర నిలబడితే చాలు. మొన్న సంక్రాంతికి పదకొండు తేలాయి. అంతకు రెండేళ్ల ముందు ఏడే కనిపించేవి. పెంకులు జారేకొద్దీ లెక్క పెరుగుతోంది. నేను తలెత్తి చూస్తుంటే ఎదురింటి మామ్మగారు, "మనిషి అలికిడి లేని ఇల్లు నిలవదు బాబూ" అన్నారు.

ఆ మాట మన ఊళ్లన్నింటిలోనూ వినిపిస్తుంది. నేను దాన్ని చాలాకాలం ఒక నిట్టూర్పుగానే విన్నాను. మనిషి అలికిడి లేకుండానే ఎనభై ఏళ్లు నిలిచిన కర్ర ఇళ్లు చూశాక మాత్రం ఆ మాటను పరీక్షకు పెట్టాలనిపించింది.

ఆ ఇళ్లున్న ఊరు కాలిఫోర్నియా తూర్పు అంచున, నెవాడా సరిహద్దుకు దగ్గరలో, సముద్రమట్టానికి దాదాపు 2,550 మీటర్ల ఎత్తున ఉంది. పేరు బోడీ. మనవాళ్లెవరో పెట్టిన పేరులాగే ఉంటుంది, ఎందుకంటే చుట్టూ చెట్టన్నది లేని బోడి కొండలే. నిజానికి అది 1859లో అక్కడ బంగారం జాడ కనిపెట్టిన వ్యక్తి పేరు. పాపం, అదే చలికాలంలో మంచు తుఫానులో చిక్కుకుని పోయాడు, ఊరిని చూడనే లేదు. 1870ల చివర్లో బంగారం దండిగా దొరకడంతో కొన్ని వేలమంది వచ్చిపడ్డారు. ఇళ్లకూ గనులకూ కర్ర కావాలి, కొండ మీద పుల్ల దొరకదు. 1881లో మోనో సరస్సుకు దక్షిణాన ఉన్న అడవి నుంచి కర్ర మోయడానికే 32 మైళ్ల రైలు మార్గం వేశారు. తర్వాత బంగారం తగ్గింది, జనం తగ్గారు. 1932లో అగ్నిప్రమాదం ఊరిలో చాలా భాగాన్ని మింగింది. 1942లో గని మూతపడింది. అప్పటికి మిగిలిన గుప్పెడు మందీ క్రమంగా వెళ్లిపోయారు, కాపలాదారులు తప్ప. ఇప్పుడది రాష్ట్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న చారిత్రక స్థలం. వందకు పైగా కట్టడాలు ఇంకా నిలబడే ఉన్నాయి. కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూస్తే దుకాణం అరల్లో డబ్బాలు, బల్ల మీద పళ్లాలు, వాటి మీద దుమ్ము.

అయితే మామ్మగారి మాట తప్పా?

కర్రను చంపేది వయసు అని మనం అనుకుంటాం. పొడిగా ఉంచగలిగితే వయసు కర్రను పెద్దగా ఏమీ చేయదు. జపాన్‌లోని నారా దగ్గర హోర్యూజీ ఆలయంలో అయిదంతస్తుల గోపురం నడిమి స్తంభానికి వాడిన చెట్టును 594లో నరికారని దాని వలయాలు చెబుతున్నాయి. ఆ స్తంభం ఇప్పటికీ నిలబడే ఉంది. కర్రను తినే బూజులు, అంటే శిలీంధ్రాలు, పని మొదలుపెట్టాలంటే కర్ర బరువులో కనీసం 20 శాతమైనా నీరుండాలి. నిజంగా విజృంభించడానికి 30 శాతం వరకూ కావాలి. అంతకన్నా తక్కువైతే వాటి విత్తనాలు కర్ర మీదే కూర్చుని ఏళ్ల తరబడి వేచి ఉంటాయి, ఏమీ చేయలేవు.

కర్ర చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ బేరమాడుతూ ఉంటుంది. గాలి తడిగా ఉంటే కొంత తేమ తీసుకుంటుంది, పొడిగా ఉంటే వదిలేస్తుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే కర్రలో 6 శాతం దగ్గర లెక్క కుదురుతుంది, 80 శాతం ఉంటే 16 దగ్గర. బోడీలో వాన చాలా తక్కువ, పడేదాంట్లో ఎక్కువ భాగం మంచు. నిండు వేసవిలో కూడా కొన్ని రాత్రులు నీళ్లు గడ్డకడతాయి. బూజుకు తాగడానికి చుక్క లేదు, పెరగడానికి వెచ్చదనం లేదు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. కోనసీమ గాలిలో శ్రావణమాసంలో మామూలుగా ఉండే తేమ ఒక్కటే కర్రను 16, 17 శాతానికి మించి పెద్దగా తడపలేదు. అంటే మన తడిగాలి ఇంటిని కుళ్లబెట్టలేదు. దానికి ఎక్కడో ఒక చోట నీటిచుక్క కారాలి.

ఇక ఇంటి మీద కోతి దూకడం ఊహించుకోండి. ఒక పెంకు పక్కకు జరుగుతుంది. వాన నీరు వాసం వెంట జారి, గోడలో దూరి ఉన్న దాని కొస దగ్గర చేరుతుంది. చెట్టు బతికుండగా వేళ్ల నుంచి ఆకులకు నీళ్లు మోసిన సన్నని గొట్టాలన్నీ కర్ర పొడవునా ఉంటాయి, వాటి నోళ్లు తెరుచుకునేది కోసిన కొసలోనే. అందుకే పలక ముఖం కన్నా కొస ఎన్నో రెట్లు వేగంగా నీళ్లు తాగుతుంది. గోడలో ఇరుక్కుని ఉంది కాబట్టి ఆరదు. కుళ్లు అక్కడ మొదలవుతుంది, బయటకు కనపడదు. కొస మెత్తబడితే వాసం ఒక అంగుళం దిగుతుంది. వాసం దిగితే దాని మీది పెంకులు సందులిస్తాయి. ఇప్పుడు నీళ్లు మూడు చోట్ల కారతాయి. ఏడు పదకొండు కావడానికి రెండేళ్లు పట్టింది, పదకొండు ఇరవై కావడానికి అంతకాలం పట్టదు.

ఇంట్లో మనుషులుంటే? చుక్క పడిన చోట గిన్నె పెడతారు, మర్నాడు ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని పెంకు సర్దుతారు. కథ అక్కడితో ఆగిపోతుంది. వంటింటి పొయ్యి రోజుకు రెండు పూటలా ఇంటి కప్పును ఆరబెట్టేది. ఆ పొగలోని ఫినాల్ వంటి పదార్థాలు పురుగుకూ బూజుకూ గిట్టవు. అటక మీది కర్ర నల్లగా, జిడ్డుగా, గట్టిగా ఉండేది అందుకే. గోడ మీద చెదల మట్టిగీత కనిపిస్తే చీపురుతో రాల్చేవారు. చెదపురుగు ఒంటి తోలు పలచన, ఎండగాలి తగిలితే ఎండిపోతుంది, అందుకని మట్టితో సొరంగం కట్టుకుని గానీ కదలదు. సొరంగాన్ని రోజూ ఊడ్చేవాళ్లున్న ఇంట్లో దానికి బతుకు కష్టం. మామ్మగారు అలికిడి అన్నది ఈ పనులన్నింటినీ కలిపే. ఆవిడ మాటలో నిట్టూర్పు కన్నా ఇంజనీరింగే ఎక్కువని నాకు ఆలస్యంగా తెలిసింది.

చెదల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. మన పుట్టల్లోని చెదల్లో చాలా జాతులు కర్రను సొంతంగా పూర్తిగా అరిగించుకోలేవు. నమిలిన కర్రను పుట్ట లోపల తుట్టెలుగా పేర్చి, దాని మీద ఒక రకం శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. అది కర్రను విడగొట్టాక దాన్ని తింటాయి. తొలకరికి ఆ పంటే పుట్టను చీల్చుకుని పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు అన్న పేరు పెట్టినవాళ్లు ఎంత నిశితంగా చూసి ఉంటారో! వంకాయ కూరలా వండుకునే ఆ గొడుగులో ఏ పాత ఇంటి ద్వారబంధం కలిసి ఉందో చెప్పలేం.

అయితే చెదలు అన్ని కర్రలనూ ఒకేలా తినవు. చెట్టు తన కాండం నడిమి భాగంలో కొన్ని చేదు రసాయనాలు దాచుకుంటుంది. వడ్రంగులు ఆ భాగాన్ని చేవ అంటారు. టేకు చేవలో ఉండే క్వినోన్ జాతి పదార్థాలు చెదలకు పడవు. అందుకే కూలిన లోగిళ్లలో వాసాలు పొడి అయిపోయినా స్తంభాలు, గడపలు మిగులుతాయి. చేవ గల మనిషి అనే మాట వడ్రంగి కొట్టం నుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఇంతవరకూ నీళ్ల సంగతి. కానీ పాడుబడిన కర్ర ఇంటి దగ్గర మనం నిలబడిపోయేది కుళ్లు చూసి కాదు, ఆ రంగు చూసి. బోడీ ఇళ్లన్నీ ఎండకు గోధుమ రంగులో, నీడ వైపు వెండి బూడిద రంగులో మెరుస్తుంటాయి. మట్టిగోడలో గడ్డి కలిపినట్టు, కర్రలో సెల్యులోజ్ పోగులను లిగ్నిన్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ లిగ్నిన్‌ను విరగ్గొడతాయి. కిరణాలు లోతుకు పోలేవు, మిల్లీమీటరులో పదో వంతు కూడా దాటవు. విరిగిన లిగ్నిన్‌ను వాన, మంచు కడిగేస్తాయి. మిగిలిన తెల్లని పోగులే ఆ వెండి రంగు. ఆ పొరా రాలిపోతే కింద కొత్తది బయటపడుతుంది. పైన్ లాంటి మెత్తటి కర్ర ఇలా నూరేళ్లకు 6 మిల్లీమీటర్ల దాకా అరుగుతుందని అంచనా. ఏటి మొదట్లో పెరిగిన మెత్తటి చార ముందు అరుగుతుంది, చివర్లో పెరిగిన గట్టి చార గట్టులా నిలుస్తుంది. వేలితో తడిమితే దువ్వెన పళ్లలా తగులుతుంది. సిమెంటు గోడ పాతబడితే పెచ్చులు ఊడి అసహ్యంగా తయారవుతుంది. కర్ర పాతబడితే తన లోపలి బొమ్మను బయటపెడుతుంది. ఇది అభిమానంతో అంటున్న మాటే, ఒప్పుకుంటాను.

వంకర తిరగడం మరో అందం. బోడీలో స్వేజీ హోటల్ అనే భవనం పక్కకు ఒరిగి, దుంగల ఆసరాతో నిలబడి ఉంది. ఒకే బరువును దశాబ్దాల తరబడి మోస్తే కర్ర నెమ్మదిగా సాగి వంగుతుంది, బరువు తీసేసినా పూర్తిగా వెనక్కి రాదు. తడవడం, ఆరడం మారిమారి జరిగితే ఆ వంగడం మరింత వేగంగా సాగుతుంది. పుస్తకాల అలమరాలో మధ్య పలక దిగబడిందంటే మీ ఇంట్లోనూ అదే జరుగుతోంది.

ఇక చప్పుళ్లు. పొద్దుగూకాక పాత ఇంట్లో ఎవరో నడిచినట్టు కిర్రుమంటుంది, టక్కుమంటుంది. కర్ర పొడవునా దాదాపు మారదు, వెడల్పులో మాత్రం తేమను బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. సాయంత్రం గాలి చల్లబడి తేమ పెరుగుతుంది, రేకుల కప్పు ముడుచుకుంటుంది. మేకుల దగ్గర, కుసుల దగ్గర రాపిడి ఆ కదలికను కాసేపు పట్టి ఉంచి ఒక్కసారిగా వదిలేస్తుంది. ఆ వదిలేయడమే టక్కుమనే చప్పుడు. సందడి ఉన్న ఇంట్లోనూ ఇదంతా జరుగుతుంది, వినేవాళ్లు ఉండరు. దీనికి తోడు ఇలాంటి చోట్లే కాపురం పెట్టే తెల్ల గుడ్లగూబ ఒకసారి కీచుమంటే, దెయ్యాల కొంప అన్న పేరు రావడానికి ఇంకేం కావాలి? బోడీకీ ఒక శాపం కథ ఉంది. అక్కడి మేకో గాజుముక్కో పట్టుకుపోయినవాళ్లకు కష్టాలు తప్పవట. క్షమించమంటూ ఉత్తరం రాసి ఆ వస్తువులను తపాలాలో తిప్పి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దొంగతనాలు ఆపడానికి కాపలావాళ్లే ఆ కథ పుట్టించారని చెబుతారు. కట్టడాల సంరక్షణకు ఇంత చవకైన పద్ధతి మరొకటి లేదు.

పొడి, చలి ఉంటే చాలు, కర్రకు ఢోకా లేదని బోడీ చూసి తేల్చేయవచ్చు. కానీ అంటార్కిటికా ఒప్పుకోదు. దక్షిణ ధ్రువ యాత్రకు వెళ్లిన రాబర్ట్ స్కాట్ బృందం 1911లో కేప్ ఎవాన్స్ దగ్గర కట్టుకున్న కర్ర ఇల్లు నేటికీ ఉంది, లోపల వాళ్ల డబ్బాలు, మంచాలతో సహా. అక్కడ చెట్లే లేవు, కర్రంతా ఓడలో వచ్చిందే. అయినా నేలకు తగిలిన పలకల్లో కుళ్లు కనిపించింది. మంచు కరిగే ఆ కొద్ది వారాల వేసవిలోనే కాడోఫోరా అనే శిలీంధ్రాలు కర్ర కణాల గోడలను లోపలి నుంచి తొలుస్తున్నాయని పరిశోధకులు గుర్తించారు. సముద్రపు ఉప్పు పోగుల మధ్య స్ఫటికాలు కట్టి, పలక ముఖాన్ని దూది ఏకినట్టు చేస్తోంది. ఏడాదికి కొన్ని వారాల నీళ్లు కూడా చాలు.

బోడీని కూడా ఊరికే వదిలేయలేదు. అక్కడి విధానం ఏమిటంటే, కట్టడాలను కొత్తగా చేయరు, కూలనివ్వరు, ఉన్న శిథిల స్థితిలోనే ఆపి ఉంచుతారు. కప్పు కారితే కప్పు వేస్తారు, కిటికీ పగిలితే అద్దం పెడతారు, పునాది కుంగితే ఎత్తుతారు. లోపలి దుమ్ము మాత్రం తుడవరు. అంటే అక్కడా నిచ్చెన వేసుకుని పైకెక్కే మనిషి ఒకడున్నాడు. మామ్మగారు నెగ్గారు.

కోనసీమ లోగిలికి అలాంటి మనిషి దొరకలేదు. దాని వీధి తలుపులు రెండేళ్ల కిందటే పాత సామాను కొనేవాళ్ల ద్వారా హైదరాబాదులో నా స్నేహితుడి ఫ్లాటుకు చేరాయి. చక్కటి టేకు చేవ. ఇనుప గుబ్బల చుట్టూ నల్లటి మచ్చలున్నాయి. కర్రలోని వగరు, తుప్పు కలిస్తే వచ్చే నలుపది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, ఇనుప తుక్కు కలిసి ఇచ్చే నలుపూ ఇదే రసాయనం. మొదటి వేసవిలో ఒక రాత్రి అతను ఫోను చేశాడు. "తలుపు టక్కుమని పగిలిందిరా, నిలువునా చీలిక, మోసపోయానా?" అన్నాడు. ఏసీ గదిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే కర్రలో 9 శాతమే మిగులుతుంది. 16 నుంచి 9కి దిగితే 30 సెంటీమీటర్ల టేకు పలక సుమారు 4 మిల్లీమీటర్లు తగ్గాలి. చట్రం కదలనివ్వకపోతే చీలడం తప్ప దారి లేదు. వడ్రంగిని పిలిచి లప్పం పెట్టిస్తానన్నాడు. వానాకాలం దాకా ఆగమన్నాను. శ్రావణంలో ఏసీ కట్టేసి, కిటికీలు తెరిచి ఉంచిన రోజుల్లో వెళ్లి చూశాను. వేసవిలో రూపాయి బిళ్ల దూరిన చీలికలో ఇప్పుడు పోస్టుకార్డు కూడా పట్టలేదు.