పాముల భయంతో పిల్లల్ని ఆపకండి: బయటి పాఠాలపై అపోహలు – వాస్తవాలు

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాకు సీజన్. విజయవాడ, గుంటూరు స్కూళ్ల పిల్లల్ని ఉప్పలపాడు పక్షుల చెరువుకి, మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకి, కొండపల్లి అడవి అంచుకి తీసుకెళ్లి అక్కడే చెట్లు, పిట్టలు, పురుగుల పాఠాలు చెప్పడం నా పని. స్కూలువాళ్లు అనుమతి పత్రం ఇంటికి పంపిన సాయంత్రం నుంచే తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి. బస్సు గురించి, భోజనం గురించి అడిగేవాళ్లు కొందరే. మిగతా అందరిదీ ఒకటే మాట: "మేడం, అక్కడ పాములుంటాయంట కదా?"

ఉంటాయి. చెరువు గట్టున ఉంటాయి, పొలంలో ఉంటాయి, మన వీధి చివర పిచ్చిమొక్కలు పెరిగిన ఖాళీ స్థలంలోనూ ఉంటాయి. లేవని అబద్ధం చెప్పి పిల్లల్ని తీసుకెళ్లడం నాకిష్టం లేదు. కానీ ఉంటాయన్న మాట వినగానే చాలామంది సంతకం పెట్టరు. తోటిపిల్లలంతా బస్సెక్కిన రోజు వాళ్ల పిల్లలు ఖాళీ క్లాసులో కూర్చుంటారు. ఏటా ఇదే తంతు.

అపోహ: అడవికో చెరువుకో వెళ్తే పాము కరుస్తుంది, ఇంట్లో ఉంటే క్షేమం.

వాస్తవం: మన దేశంలో పాముకాటు చిన్న సమస్య కాదు. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారు, అంటే ఏటా సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. అయితే ఆ చనిపోయినవాళ్లు ఎవరో, ఎక్కడ, ఎప్పుడు కాటుకు గురయ్యారో కూడా చూడాలి. దాదాపు అంతా పల్లెల్లోనే. సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే, అంటే వానాకాలంలో. 2018 ఆగస్టులో దివిసీమలో వరసగా పాముకాట్లు జరిగినప్పుడు వార్తలు అందరం చూశాం. నాట్ల కాలంలో చెప్పుల్లేకుండా పొలంలో దిగే రైతులు, కూలీలే అందులో ముఖ్యంగా దెబ్బతిన్నది. కట్లపాము అయితే రాత్రిపూట తిరుగుతుంది. ఇళ్లలో నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు, అందుకే అది అంత ప్రమాదకరం.

మేం వెళ్లేది చలికాలంలో, పొద్దున వెలుగులో. కాళ్లకు బూట్లు ఉంటాయి, అందరూ దారి మీదే నడుస్తారు. పదిహేను మంది పిల్లలు ఒక వరసలో నడిస్తే నేల అదురుతుంది, ఆ అదురుకే పాము తప్పుకుంటుంది. చేతులు పుట్టల్లోకి, రాళ్ల సందుల్లోకి, ఎండాకుల కుప్పల్లోకి వెళ్లకూడదన్నది మా దగ్గర మొదటి నియమం. నాతో వచ్చిన పిల్లల్లో ఒక్కరికి కూడా ఇంతవరకు పాముకాటు జరగలేదు.

మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. పిల్లలకు మా ట్రిప్పుల్లో కనిపించేవి ఎక్కువగా జెర్రిపోతు, నీరుకట్టె. రెండూ విషం లేనివే. పసరిక పాము కళ్లు పొడుస్తుందన్నది వట్టి మాట. జెర్రిపోతు నాగుపాముతో జత కడుతుందన్నదీ అంతే. వాట్సాప్‌లో ఏటా తిరిగే ఆ "పార్కులో పాము" వీడియో ఎక్కడిదో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. దయచేసి అది నాకు పంపి జవాబు అడగొద్దు.

ఒక జనవరిలో ఉప్పలపాడు గట్టు మీద నిలువెత్తు జెర్రిపోతు ఒకటి మా ముందు నుంచే దాటింది. వెంట వచ్చిన టీచరుగారు కేకేసి వెనక్కి పరిగెత్తారు. ఆమెను తప్పుపట్టను, చిన్నప్పటి నుంచి ఆమెకు నేర్పింది భయమే. ఏడో తరగతి అమ్మాయి ఒకతె, నందిగామ వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల, అక్కడే నిలబడి, "కదలొద్దు, అది ఎలకల కోసం వచ్చింది, పోతుంది" అని మిగతావాళ్లను ఆపింది. అది పోయింది కూడా. ఆ తర్వాత అరగంట నేను చెప్పాల్సిన పాఠం ఆ అమ్మాయే చెప్పింది: వాళ్ల నాన్న గడ్డివాము దగ్గర జెర్రిపోతును ఎందుకు చంపనివ్వడో, ఎలకలు ఎన్ని బస్తాల ధాన్యం తినేస్తాయో. ఊరి నుంచి వచ్చిన పిల్లలు క్లాసులో మాట్లాడరని టీచర్లు తరచూ అంటుంటారు. ఒకసారి గట్టు మీదికి తీసుకొచ్చి చూడండి.

అయినా భయపడే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. "ఒక్కగానొక్క కొడుకు మేడం" అని ఒకావిడ ఫోన్లో ఏడ్చేశారు. అలాంటివాళ్లకు ధైర్యం చెప్పేకన్నా ఏర్పాట్లు చెప్పడం మేలు. ఒకవేళ కాటు పడితే మేం చేసేది ఇదీ: పిల్లల్ని దూరం పంపి, కాటుపడ్డవాళ్లను కూర్చోబెట్టి కదలనివ్వం. ఉంగరం, వాచీ, కడియం లాంటివి తీసేస్తాం. విరిగిన చేతికి కట్టినట్టు ఆ కాలికో చేతికో కర్ర ఆనించి వదులుగా కడతాం. టైమ్ రాసుకుని 108కి ఫోన్ చేస్తాం, లేదా వెంట ఉంచిన బండిలో మోసుకెళ్లి పెద్దాసుపత్రికి చేరుస్తాం. తాడుతో బిగించి కట్టం, బ్లేడుతో గాటు పెట్టం, నోటితో పీల్చం, మంత్రం వేసేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా పోనివ్వం. పాముని చంపి తీసుకెళ్లాల్సిన పని కూడా లేదు. మన దగ్గర ఇచ్చే విషం విరుగుడు మందు ఆ నాలుగు పాములకూ కలిపి ఒకటే. పింజరి కాటు అనుమానం ఉంటే డాక్టర్లు కాస్త రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూస్తారు. మందు అవసరమో కాదో డాక్టరు తేలుస్తారు. ఈ పేరా మీ ఊళ్లో పొలం పనికి వెళ్లేవాళ్లకు చదివి వినిపించండి. స్కూలు పిల్లలకంటే వాళ్లకే ఇది ఎక్కువ అవసరం.

ఈ భయం వల్ల జరిగే అసలు నష్టం ఇంకోటి ఉంది. అందరి చూపూ పాము మీదే ఉండి, నిజంగా పిల్లలకు దెబ్బ తగిలే చోట్లను ఎవరూ అడగరు. "నీళ్ల దగ్గర ఎవరుంటారు?" అని నన్ను అడిగిన తల్లిదండ్రులు చాలా తక్కువ. కృష్ణానదిలో ఈత రాక మునిగిపోయిన పిల్లల వార్తలు మనకు కొత్త కాదు. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు, వాళ్లంతా సరదాగా చూడ్డానికి వచ్చినవాళ్లే. అందుకే నేను పాఠం పేరుతో పిల్లల్ని నదిలో, కాలువలో, పాత క్వారీ గుంతల్లో కాలు కూడా పెట్టనివ్వను. ఫోటో కోసమైనా సరే. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కించను.

తర్వాతది ఎండ. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు ముగిస్తాం. మార్చి దాటితే ఎవరు అడిగినా ఒప్పుకోను. చలికాలమైనా మంచినీళ్లు తాగని పిల్లలకు పదింటికల్లా తలనొప్పి మొదలవుతుంది, కాబట్టి నీళ్ల సీసా లేని పిల్లలు బస్సు దిగకూడదు. మూడోది పెద్ద తేనెటీగలు. పాత కోట గోడలకు, ఎత్తైన చెట్లకు, నీళ్ల ట్యాంకుల కింద వేలాడే పట్టు మీద ఒక్క రాయి పడితే ఏం జరుగుతుందో చూసినవాళ్లకే తెలుసు. ముందురోజే నేను దారంతా నడిచి పట్లు ఎక్కడున్నాయో చూసుకుంటాను. ఘాటైన సెంటు రాసుకున్న పిల్లల్ని ఆ వైపుకు తీసుకెళ్లను. ఈగలు లేస్తే మొహం కప్పుకుని బస్సులోకి పరిగెత్తాలి, నీళ్లలో దూకకూడదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"ఇది పిక్నిక్, చదువు పోతుంది." ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పెట్టే ఊళ్లలో ఈ మాట రాకుండా ఉండదు. 2020 జాతీయ విద్యా విధానమే 6 నుంచి 8 తరగతులకు బ్యాగు లేని 10 రోజులు ఉండాలని చెప్పింది. ఆ సంగతి పక్కన పెట్టినా, గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలో తల దూర్చి చేప తినడం చూసిన పిల్లలకు ఆహారపు గొలుసు బట్టీ పట్టించాల్సిన పని ఉండదు.

"అడవి ఉంటేనే కుదురుతుంది." అక్కర్లేదు. కరివేపాకు కుండీ చాలు. ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది చాలాసార్లు సీతాకోకచిలుక పురుగే. కాస్త పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పురుగుల మందు కొట్టకుండా ఆపితే మీ డాబా మీదే పాఠం దొరుకుతుంది. రోడ్డు పక్క జిల్లేడు మీద ఇంకో రకం పురుగులు దొరుకుతాయి.

"పేర్లన్నీ రాసుకోవాలి." నోటుబుక్కు చూస్తూ నడిచే పిల్లలకు పిట్ట కనపడదు. మొదటి గంట పుస్తకాలు బస్సులోనే ఉంచమంటాను. కొందరు టీచర్లకు ఇది నచ్చదు, అయినా మార్చను.

"గూడు నుంచి పడిన పిల్లను ముట్టుకుంటే తల్లి వదిలేస్తుంది." వదలదు. గూడు అందితే తిరిగి పెట్టండి.

"అల్లరి పిల్లల్ని తీసుకెళ్తే సంభాళించలేం." ఇది మాత్రం ఆగి చెప్పాల్సిందే. శిక్షగా ట్రిప్ జాబితాలోంచి పేరు కొట్టేయడం చాలా స్కూళ్లలో మామూలైపోయింది. క్లాసులో కుదురుగా కూర్చోలేని పిల్లాడికి గట్టు మీద కూర్చోవాల్సిన అవసరమే లేదు. గుంపుకు ముందు నడిపించి, గూళ్లు లెక్కపెట్టే పని అప్పగిస్తే అతనే అందరికంటే ఎక్కువ చూస్తాడు. ఈ ఏడాది మీ స్కూలు జాబితా నాకు పంపేముందు కొట్టేసిన పేర్లు మళ్లీ చేర్చండి. పదిహేను మందికి ఒక పెద్దమనిషి ఉండేలా చూసే బాధ్యత నాది.