చిన్నోడు లేపితేనే పెద్దాయన లేస్తాడు

ప్రియమైన పిల్లలకు,

మొన్న షెడ్డులో పాత ట్రాక్టరు చుట్టూ తిరుగుతూ మీలో అందరికంటే చిన్నవాడు అడిగాడు: "తాతయ్యా, ఒక్క బండికి రెండు ఇంజన్లెందుకు?" చేతినిండా గ్రీజు ఉంది, తర్వాత చెబుతానన్నాను. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

పక్కనున్న ఆ చిన్నది పెట్రోలు ఇంజను. పెద్ద డీజిల్ ఇంజనును లేపడమే దాని పని. ఇంగ్లీషులో దాన్ని పోనీ మోటారు అంటారు. పోనీ అంటే పొట్టి గుర్రం.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని పదిహేనో పదహారో వంతుకు నొక్కేస్తుంది. అలా నొక్కిన గాలి కాగిపోతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. సైకిల్‌కి గాలి కొడుతుంటే పంపు అడుగున వేడెక్కుతుంది చూడండి, అలాగే. కానీ పొద్దున్నే ఇనుమంతా చల్లగా ఉంటే ఆ వేడిని ఇనుమే తాగేస్తుంది. పైగా అంత పెద్ద ఇంజనును చేత్తో తిప్పడం మనిషి తరం కాదు, ఆ రోజుల బ్యాటరీలకూ కష్టమే. అందుకే 1931లో కాటర్‌పిల్లర్ కంపెనీ తన మొదటి డీజిల్ ట్రాక్టరును తెచ్చినప్పుడు దానికి ఒక పెట్రోలు ఇంజనును తోడిచ్చింది. 1949లో వచ్చిన జాన్ డీర్ కంపెనీ ఆర్ మోడల్ ట్రాక్టరుకీ ఇదే ఏర్పాటు.

చలికాలంలో తాతను నిద్రలేపే మనవణ్ణి తలుచుకోండి. తాత దుప్పటి తియ్యడు. మనవడు ముందు తను నాలుగు గంతులేసి ఒళ్లు వెచ్చబెట్టుకుంటాడు. అంటే చిన్న ఇంజనును స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. తర్వాత తాత చెయ్యి పట్టుకుంటాడు. చిన్న గేరు వెళ్లి పెద్దదాని ఫ్లైవీల్ అనే బరువైన చక్రం పళ్లలో కూర్చుంటుంది. లేవగానే తాతతో బరువులు మోయించడు, మెల్లగా నడిపిస్తాడు. కంప్రెషన్ రిలీజ్ లివర్ వేసి ఉంచితే వాల్వులు తెరుచుకునే ఉంటాయి, పెద్ద ఇంజను గాలిని నొక్కే శ్రమ లేకుండా తిరుగుతుంది, ఆయిల్ మూలమూలకీ పాకుతుంది. ఈలోగా మనవడి ఒంటివేడి తాతకు అందుతుంది. కాటర్‌పిల్లర్‌లో ఇద్దరికీ తిరిగే నీళ్లు ఒకటే. చిన్నదాని పొగగొట్టం కూడా పెద్దది గాలి పీల్చుకునే దారిలోంచే పోతుంది, కాబట్టి తాతకు లోపలికి వెళ్లే గాలే వెచ్చగా వెళుతుంది. అప్పుడు లివర్ మార్చి డీజిల్ ఇస్తే ఒక దగ్గు, రెండు దగ్గులు, తాత లేచాడు!

ఇక మనవడు చెయ్యి వదిలెయ్యాలి. లేకపోతే తాత ఈడ్చుకుపోతాడు. పెద్దది వేగం అందుకోగానే చిన్న గేరు విడిపోవడానికి లాచ్‌లనే కొక్కేలుంటాయి. అవి అరిగో, మడ్డి పట్టో విడవకపోతే పెద్ద ఇంజను చిన్నదాన్ని దాని తాహతుకు మించి తిప్పి ముక్కలు చేసేస్తుంది. నేను ఆ లాచ్‌ల్ని తీసి, కడిగి, చూడకుండా ఏ ఏడాదీ వదలను.

నాకు పదేళ్లప్పుడు మా పెదనాన్న ఇలాంటి బండే నడిపేవాడు. నాకు ఒక్కటే పని అప్పగించాడు. పెద్దది అందుకోగానే చిన్నదాని పెట్రోలు కుళాయి కట్టెయ్యాలి. స్విచ్ నొక్కి ఆపకూడదు. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలంతా తాగేసి దానంతట అదే ఆగాలి. ఒకరోజు ఆట ధ్యాసలో స్విచ్ నొక్కేసి, కుళాయి సంగతి మరిచి పరిగెత్తాను.

మర్నాడు పెదనాన్న చిన్నదాని ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి నా ముందు పట్టాడు. ఆయిల్ గీత దాటి పైకి వచ్చింది. వేళ్ల మధ్య రుద్దమన్నాడు, నీళ్లలా జారింది. గుప్పుమని పెట్రోలు వాసన. కార్బురేటర్‌లో పెట్రోలును ఆపే సూది సరిగా ఆనక, రాత్రంతా బొట్టుబొట్టుగా పెట్రోలు సిలిండర్లోకి, అక్కణ్ణుంచి ఆయిల్లోకి దిగిపోయింది. అలాగే తిప్పి ఉంటే బేరింగులు పోయేవి. ఆయన తిట్టలేదు. ఆయిలంతా దించి, కొత్తది నా చేతే పోయించాడు. "రోజుకు ఐదు నిమిషాలు పనిచేసేదాన్ని ఎవరూ పట్టించుకోరురా, అందుకే అది ముందు పాడవుతుంది" అన్నాడు. ఆ మాట నేను మనుషుల విషయంలోనూ గుర్తుపెట్టుకున్నాను.

చిన్నదాని ఆయిల్ వేరే, పెద్దదాని ఆయిల్ వేరే. పెద్దదానికి మార్చి చిన్నదాన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది. దాని పొగగొట్టం మీద నేనెప్పుడూ రేకు డబ్బా బోర్లిస్తాను, మీరు చూసే ఉంటారు. వాన నీళ్లు దిగితే పిస్టన్ తుప్పుపట్టి సిలిండర్‌కి అతుక్కుపోతుంది. చిన్నదాన్ని తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్ మాత్రం మీరు ముట్టుకోకండి. అది ఎదురుతంతే మణికట్టు విరుగుతుంది. అందుకే నేను బొటనవేలు చుట్టూ బిగించకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచి, పైకే లాగుతాను.

హ్యాండిల్ తిప్పినప్పుడు లోపల "టక్" మంటుంది కదా, అది మాగ్నెటో. స్ప్రింగు చుట్టుకుని ఒక్కసారి విడిపోతుంది, అయస్కాంతం విసురుగా తిరుగుతుంది, ప్లగ్గులో రవ్వ ఎగురుతుంది. బ్యాటరీ లేదు, అగ్గిపుల్ల లేదు. తీగచుట్ట పక్కన అయస్కాంతం కదిలితే నిప్పు పుట్టడమేమిటో ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఆశ్చర్యం తీరలేదు. మాగ్నెటోలో కరెంటును తెంచే పాయింట్లను శుభ్రమైన అట్టముక్కతో తుడిచిన ప్రతిసారీ కాసేపు చూస్తూ కూర్చుంటాను.

ఆదివారం పొద్దున్నే రండి. షెడ్డులో మాట్లాడకుండా నిలబడండి. ముందు ఆ టక్ టక్ వినిపిస్తుంది, తర్వాత చిన్నదాని గోల, తర్వాత పెద్దది దగ్గడం. అప్పుడు చిన్నదాని గొంతు ఒక్కసారిగా తేలికపడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో చెయ్యెత్తండి. ముందు ఎవరు ఎత్తితే, కుళాయి కట్టే పని వాళ్లది.

మీ తాతయ్య