పత్తికి పైపాటుగా డీఏపీ: అపోహలు - వాస్తవాలు

జూలై చివర్లో పత్తి మోకాలెత్తుకు వచ్చిందంటే రైతు వేదికలో నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, డీఏపీ ఎప్పుడొస్తది? రెండో దఫా ఏసుడు లేటయితాంది." వ్యవసాయ విస్తరణ అధికారిగా ఏటా ఇదే మాట వింటున్నాను. డీఏపీ అంటే భాస్వరం, నత్రజని రెండూ ఉండే ఎరువు. పైపాటు అంటే పంట పెరిగాక పైన వేసే దఫా. పాస్‌బుక్కులు పట్టుకుని తెల్లారకముందే షాపు ముందు లైన్లో నిలబడ్డవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాళ్లలో చాలామంది చేనుకు అప్పుడు ఆ బస్తా అక్కర్లేదు.

అపోహ: పైపాటుగా డీఏపీ వేస్తేనే చెట్టుకు బలం.

వాస్తవం: భాస్వరం దుక్కిలోనే, అంటే విత్తే ముందు దున్నేటప్పుడే వేయాలి. అది యూరియాలా నీళ్లతో కదలదు, పడ్డచోటే ఉంటుంది. నల్లరేగడిలో సున్నంతో, ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియంతో కలిసి బిగుసుకుపోతుంది. సాళ్లలో పైన చల్లింది పైనే ఉంటే, వేరు కింద ఉంటుంది. బీటీ పత్తికి ఎకరాకు సిఫారసు 24 కిలోల భాస్వరం. ఒక్క డీఏపీ బస్తాలో 23 కిలోలున్నాయి. దుక్కిలో ఒక బస్తా వేశారంటే పంట మొత్తానికీ ఇచ్చేసినట్టే.

"మరి వేసిన వారానికే చేను నల్లబడింది కదా సార్" అంటారు. నిజమే, ఆకు ముదురు పచ్చగా నల్లబడుతుంది. అది డీఏపీలోని నత్రజని చేసిన పని. బస్తాకు 9 కిలోల నత్రజని ఉంటుంది. అర బస్తా యూరియాలో అంతకంటే కాస్త ఎక్కువే ఉంది. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ 1350. అంటే 133 రూపాయలతో అయ్యే పనికి 1350 పోస్తున్నాం, అదీ అప్పు తెచ్చి. 40 రోజుల పత్తికి కావాల్సింది అర బస్తా యూరియా, 10 కిలోల పొటాష్. అంతే.

మొన్నటి వానాకాలం ఓ కౌలు రైతు ఎర్రబడ్డ పత్తి ఆకులు సంచిలో వేసుకొచ్చాడు. డీఏపీ తక్కువై ఇలా అయిందని ఎవరో చెప్పారట. ఆకు చేతిలోకి తీసుకుని చూస్తే ఈనెలు పచ్చగానే ఉన్నాయి, ఈనెల మధ్య అంతా ఎర్రగా మారింది. అది మెగ్నీషియం లోపం. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి, వారం తేడాతో రెండుసార్లు కొట్టమన్నాను. అయినా ఆయన టెన్షన్ తగ్గలేదు. "పక్క చేన్లోళ్లందరూ ఏసిండ్రు సార్, నేనొక్కణ్నే ఎయ్యకపోతే ఎట్ల?" ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కౌలు ముందే కట్టిన మనిషికి ఒక్క పంట పోయినా కోలుకోవడం కష్టం. నాకు కోపం పుకార్ల మీద. "ఈసారి రేక్ రాదట" అని, అంటే ఎరువుల గూడ్సు రైలు రాదని అనగానే అవసరం లేనివాళ్లు కూడా రెండేసి బస్తాలు ఇంట్లో వేసుకుంటారు. దుక్కిలో వేయాల్సినవాడికి దొరకదు.

ఇప్పటికే వేసినవాళ్లు కంగారు పడకండి. ఆ భాస్వరం నేలలోనే నిల్వ ఉంటుంది. ఎండాకాలంలో మట్టి పరీక్ష చేయించండి, ఎక్కువని తేలితే వచ్చే పంటకు తగ్గించండి. ఏటా ఇలాగే పేరుకుపోతే మాత్రం పైరుకు జింక్ సరిగా అందదు. డీఏపీ దొరకనివాళ్లు దుక్కిలో మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, అర బస్తా యూరియా వేస్తే సరిపోతుంది. పైగా గంధకం కూడా అందుతుంది.

రైతుల్లో ఉన్న మిగతా అపోహల గురించి గబగబా చెప్తాను. వరిలో గుళికల మందు పిలకల కోసం కాదు, కాండం తొలిచే పురుగు కోసం. కలుపు మొలవకుండా కొట్టే పెండిమిథాలిన్ పనిచేయలేదంటే ప్రతిసారీ మందు నకిలీదని కాదు. విత్తిన రెండు రోజుల్లోపు తడి నేల మీద కొట్టారా చూసుకోండి. గడ్డి మందుకు తట్టుకునే పత్తి విత్తనానికి దేశంలో అనుమతి లేదు. బిల్లు లేకుండా అమ్ముతారు, మొలవకపోతే పరిహారం అడిగే దారి ఉండదు. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో పత్తి తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. మంచులో తీసిన పత్తిని ఆరబెట్టకుండా బండికెత్తకండి.