లివింగ్ విల్: అపోహలు – వాస్తవాలు

నయం కాని జబ్బుతో, నోట మాట రాని స్థితిలో ఉన్నప్పుడు తనకు ఏ వైద్యం చేయాలో, ఏది వద్దో మనిషి ముందుగానే రాసిపెట్టుకునే కాగితం లివింగ్ విల్. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీన్ని ఆమోదించింది. అప్పటి నిబంధనలు ఆచరణలో కుదరకపోవడంతో 2023 జనవరి 24న సడలించింది. జనంలో మాత్రం ఇంకా పాత సంగతులే తిరుగుతున్నాయి.

అపోహ: ఇది రాశామంటే ఆసుపత్రిలో ఇక పట్టించుకోరు.

ఈ కాగితం పనిచేయాలంటే మూడూ కలిసి రావాలి: జబ్బు చివరి దశకు చేరాలి, చికిత్స ఎంతకాలం సాగినా కోలుకునే ఆశ ఉండకూడదు, నిర్ణయం తీసుకునే శక్తి పోయి ఉండాలి. డెంగీతోనో, రోడ్డు ప్రమాదంలోనో వచ్చి, కోలుకునే అవకాశం ఉన్నవారికి వెంటిలేటర్ పెట్టడాన్ని ఇది ఆపదు. మనిషి తెలివిలో ఉండి మాట్లాడగలిగితే అసలు కాగితం తీయరు, మనిషినే అడుగుతారు.

అపోహ: మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లాలి, లాయరు కావాలి.

మేజిస్ట్రేట్ సంతకం 2018 నాటి షరతు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరణ చేయిస్తే చాలు. సాక్షులు బయటివాళ్లయితే మేలు. ఆస్తిలో వాటా ఉన్నవాళ్లను పిలవకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించాలని తీర్పులో ఎక్కడా లేదు. రాసేవారికి 18 ఏళ్లు నిండి, మతి స్థిమితంగా ఉండాలి. మతిమరుపు జబ్బు మొదలైందని తెలిస్తే వాయిదా వేయకండి. ముదిరాక చేయించిన సంతకం నిలవదు.

ఒక కాపీ మీ తరఫున మాట్లాడాలని కాగితంలో మీరు పేరు రాసినవారికి, ఒకటి ఫ్యామిలీ డాక్టరుకు, ఒకటి పంచాయతీకి లేదా మున్సిపాలిటీకి ఇవ్వాలి. భద్రపరిచే అధికారిని నియమించాల్సింది ఆ స్థానిక సంస్థే. కౌంటర్లో గుమాస్తా "ఇదేంటి?" అని అడిగితే ఆశ్చర్యపోకండి. కవరింగ్ లెటర్‌తో ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. రేపు ఆసుపత్రివాళ్లు కాగితం అసలుదో కాదో సరిచూసుకునేది ఆ అధికారి దగ్గరో, మీ డిజిటల్ హెల్త్ రికార్డులోనో.

అపోహ: "వెంటిలేటర్ వద్దు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది.

ఎక్కువ కాగితాలు తేలిపోయేది ఇక్కడే. అస్పష్టంగా ఉన్న కాగితాన్ని వైద్య మండలి (రోగి పరిస్థితిని తేల్చే డాక్టర్ల బృందం) అమలు చేయకూడదని తీర్పే చెబుతోంది. "అనవసర చికిత్స వద్దు", "బాధపెట్టకండి" లాంటి మాటలతో ఐసీయూ డాక్టరు ఏమీ చేయలేడు. ఏ స్థితిలో, ఏది వద్దు అన్నవి రెండూ ఉండాలి. ఇలా:

"నా జబ్బు నయం కాదని, నా వాళ్లను గుర్తుపట్టి మాట్లాడే స్థితికి మళ్లీ రానని వైద్య మండళ్లు తేల్చితే, గుండె ఆగినప్పుడు సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెను మళ్లీ నడిపించే ప్రయత్నం) చేయవద్దు. వెంటిలేటర్ పెట్టవద్దు, అప్పటికే పెట్టి ఉంటే తీసేయండి. డయాలసిస్ వద్దు. గొట్టం ద్వారా ఆహారం వద్దు. నొప్పికి, ఆయాసానికి, ఆందోళనకు మందులు మాత్రం ఆపవద్దు."

పై చివరి వాక్యం తప్పకుండా రాయండి. తేల్చుకోలేని చోట "కొన్నాళ్లు పెట్టి చూడండి, మెరుగు లేకపోతే తీసేయండి" అని రోజుల సంఖ్యతో రాయడం మంచి పద్ధతి. పర్యవసానాలు తెలిసే రాస్తున్నానని, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని కూడా ఉండాలి. తెలుగులో రాసుకున్నా పక్కన ఇంగ్లిష్ ప్రతి పెట్టండి. ఐసీయూలో ఆ రాత్రి డ్యూటీ డాక్టరుకు తెలుగు రాకపోవచ్చు.

అపోహ: ఆస్తి వీలునామాలోనే ఒక పేరా కలిపేస్తే పోతుంది.

వీలునామా బయటికి తీసేది పెద్దకర్మ అయ్యాక. బ్యాంకు లాకరూ అంతే. దీన్ని ఆసుపత్రి ఫైల్లో, మందుల చీటీలతో పాటు ఉంచండి.

అపోహ: కాగితం చూపించగానే గొట్టాలు తీసేస్తారు.

తీయరు. చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం 5 ఏళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులతో ఆసుపత్రిలో ప్రాథమిక మండలి కూర్చుంటుంది. వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. తర్వాత జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరుతో, మొదటి మండలిలో లేని నిపుణులతో రెండో మండలి. దానికీ 48 గంటలే. అమలుకు ముందు మేజిస్ట్రేటుకు సమాచారం ఇస్తే చాలు, ఆయన వచ్చి చూడాల్సిన పని లేదు. మండలి ఒప్పుకోకపోతే హైకోర్టుకు వెళ్లొచ్చు.

ఆలస్యమయ్యేది ఎక్కువగా రెండో మండలి దగ్గరే. జిల్లా నుంచి డాక్టరును ఎవరు, ఎలా పిలిపిస్తారో ఆసుపత్రి యాజమాన్యాన్ని మొదటి రోజే అడగండి.

అపోహ: కాగితం లేకపోతే సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోవడమే దారి.

మన దగ్గర అందరికీ తెలిసిన తంతు ఇది. "వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం" అని లామా కాగితం మీద సంతకం, అంబులెన్సులో అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కుతూ ప్రయాణం, ఇంట్లో మంచం మీదికి చేర్చాక గొట్టం లాగేయడం, తులసి తీర్థం. ఇంటి దగ్గర పోవాలన్న కోరికలో తప్పేమీ లేదు. కానీ గొట్టం తీశాక వచ్చే ఎగశ్వాసకు ఆ ఇంట్లో ఒక్క మందూ ఉండదు, కబురు చేయడానికి డాక్టరూ ఉండడు. నిజానికి లివింగ్ విల్ లేని రోగికీ దగ్గరి బంధువుల సమ్మతితో అవే రెండు మండళ్ల దారి ఉంది. అలా చేస్తే గొట్టం తీయడానికి ముందే ఆయాసం తెలియకుండా మందులిస్తారు. ఇంటికే తీసుకెళ్లాలనుకుంటే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) బృందంతో ముందే మాట్లాడి, మందులు, వాటి మోతాదులు రాయించుకుని బయల్దేరండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

అపోహ: తిండి ఆపితే ఆకలితో మాడిపోతారు, మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) ఇస్తే త్వరగా పోతారు.

చివరి రోజుల్లో ఆకలి దానంతటదే పోతుంది. అప్పుడు బలవంతంగా పెట్టినది ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. ఎక్కించిన సెలైన్ ఒళ్లు వాపుగా, గొంతులో గురగురగా తేలొచ్చు. మింగగలిగితే చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వండి. లేదంటే తడి దూదితో నోరు తుడుస్తూ, పెదాలకు వాజిలిన్ రాస్తూ ఉండండి. మార్ఫిన్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుతారు. దాంతో మలబద్ధకం ఖాయం కాబట్టి విరేచనాల మందు మొదటి రోజు నుంచే కావాలి.

అపోహ: మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, ఫోన్లో అన్నీ చూసుకుంటాడు.

మీ తరఫున మాట్లాడేవారిగా ఒకరికి మించి పేర్లు రాయొచ్చు. గంటలో ఆసుపత్రికి రాగలవారి పేరు తప్పక ఉండాలి. పిల్లలందరినీ ఒక్కసారి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి కాగితం చదివి వినిపించండి. లేకపోతే ఆఖరి రోజున విమానం దిగినవారు "నేనొచ్చాను కదా, అన్నీ చేయండి" అంటారు. అమెరికాలో అక్కడి ఫారం మీద రాసుకున్నది ఉన్నా, ఇక్కడికి వేరుగా రాయండి.

అపోహ: ఒకసారి రాస్తే మార్చలేం.

ఎప్పుడైనా రాతపూర్వకంగా, మళ్లీ సాక్షులు, నోటరీలతోనే రద్దు చేయొచ్చు, మార్చొచ్చు. రెండు ఉంటే చివరగా సంతకం చేసినదే చెల్లుతుంది. పాత కాపీలు వెనక్కి తీసుకోకపోతే గొడవ తప్పదు. ఎవరెవరికి ఇచ్చారో ఆ జాబితా మీ కాపీ వెనకే రాసిపెట్టుకోండి.