అటక మీది ఆంప్‌ని (ఆంప్లిఫయర్‌ని) నేరుగా ప్లగ్గులో పెట్టకండి: అపోహలు - వాస్తవాలు

అపోహ: "పదిహేనేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదండీ, కొత్తదానిలాగే ఉంటుంది."

నా దగ్గరికి రిపేరుకొచ్చే పాత ట్రాన్సిస్టర్ ఆంప్‌లు ఎక్కువగా పాడయ్యేది వాడినందుకు కాదు. ఏళ్ల తరబడి మూలన పడేసి, ఒక పండగ రోజు దుమ్ము దులిపి నేరుగా ఆన్ చేసినందుకు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. వోల్టేజీ తగలకుండా ఏళ్లు గడిస్తే అది బలహీనపడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ పడితే లీకేజీ పెరిగి కెపాసిటర్ వేడెక్కుతుంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే ఇంకా ఘోరం. 40 వోల్టుల డీసీ తిన్నగా 8 ఓమ్‌ల వూఫర్‌కి (బేస్ స్పీకర్‌కి) పోతుంది, అంటే ఆగకుండా 200 వాట్లు. ప్రొటెక్షన్ రిలే (డీసీ వస్తే స్పీకర్‌ని తప్పించే స్విచ్) లేని మోడల్ అయితే వూఫర్ కాయిల్ మాడిపోవాల్సిందే.

ఈమధ్య ఒకబ్బాయి వాళ్ల నాన్నగారి ఆంప్‌ని ఇలాగే ఆన్ చేసి, రెండు వూఫర్లూ కాల్చుకుని వచ్చాడు. "నాన్న గుర్తుగా మిగిలింది ఇదొక్కటే, పాడుచేశానా అన్నా?" అని ఒకటే టెన్షన్. ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది, ఆంప్ బతికింది. స్పీకర్ల రీకోన్‌కే (కాలిన కాయిల్, కోన్ మార్చడానికే) ఖర్చు ఎక్కువైంది.

ముందు స్పీకర్లు తీసేసి, ఆంప్‌కి వచ్చే కరెంటు లైనులో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి చూడాలి (ఎల్‌ఈడీ పనికిరాదు). బల్బు ఒకసారి మెరిసి మసకబారితే సరే. వెలుగు తగ్గకపోతే వెంటనే ఆపేయాలి. తర్వాత స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. కరెంటు పని అలవాటు లేనివాళ్లు మెకానిక్‌తోనే చేయించండి. జపాన్ సరుకైతే వెనక ప్లేటు చదవండి, అక్కడి కరెంటు 100 వోల్టులే.

"కెపాసిటర్లన్నీ మార్చేస్తే అయిపోతుంది" అనేది వాట్సాప్ వైద్యం. కొలిచి, చెడినవే మార్చాలి. మంచి ట్రాన్సిస్టర్లు పీకి నకిలీ 2ఎన్3055లు (ఒక రకం పవర్ ట్రాన్సిస్టర్లు) వేయించుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

"పాత వాట్లే అసలు వాట్లు" అన్నదాంట్లో సగం నిజముంది. 1974లో అమెరికా ఎఫ్‌టీసీ (అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ) నిబంధన వచ్చాక అక్కడ ఆగకుండా ఇవ్వగల పవరే చెప్పాల్సి వచ్చింది. మన పీఎంపీఓ (క్షణకాలం వచ్చే గరిష్ఠ పవర్ పేరుతో పెంచి చెప్పే వాట్లు) లెక్కలకు ఆ బాధ లేదు. అయినా 50 వాట్ల నుంచి 100కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే.

పాతదాని "వెచ్చటి సౌండ్" చాలాసార్లు బేస్ పెంచే లౌడ్‌నెస్ బటన్ మహిమ. క్లాస్ డీ (కొత్త ఆంప్‌లలో వాడే స్విచింగ్ పద్ధతి) చెత్త అనే మాటకూ కాలం చెల్లింది. కొత్తవాటి మీద నా ఫిర్యాదు వేరే. పాతదాంట్లో ఒక పార్టు పోతే ఆ పార్టే మారుస్తాం, కొత్తవాటిలో చాలావరకు బోర్డంతా మార్చాలి, ఆ బోర్డేమో దొరకదు.