అంతసేపు క్రీజులో నిలిచిన విహారికి సింగిల్ ఎందుకంత కష్టమైంది?

2021 జనవరి 11, ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్టు చివరి రోజు. మన హనుమ విహారి ఒక సింగిల్ కోసం పరుగెత్తి తొడ వెనుక పట్టుకుని కుంటడం మొదలుపెట్టాడు. అయినా వికెట్ వదల్లేదు. మొత్తం 161 బంతులు ఆడి 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు, అవతల నడుం నొప్పితో అశ్విన్ 39, మ్యాచ్ డ్రా. గంటల తరబడి స్టార్క్, కమిన్స్ బంతుల్ని కాచుకున్న అదే కాలికి ఒక్క సింగిల్ తీయడం ఎందుకంత గగనమైంది?

మనవైపు దీన్ని 'నరం లాగింది' అనేస్తారు గానీ, నిజానికి దెబ్బతినేది కండరం. కూర్చున్నప్పుడు పీటకి ఆనే ఎముక దగ్గర మొదలై మోకాలి కిందిదాకా తొడ వెనుక మూడు కండరాలు ఉంటాయి, వాటినే హ్యామ్‌స్ట్రింగ్స్ అంటారు. నిలబడి డిఫెన్స్ ఆడేటప్పుడు వీటి మీద పడే భారం తక్కువే. వేగంగా పరుగెత్తేటప్పుడు సంగతి వేరు: కాలు ముందుకి విసురుగా వెళ్ళి, మోకాలు చాచుకుని, పాదం ఇంకా నేలని తాకకముందే ఈ కండరాలు సాగుతూనే ఆ విసురుకి బ్రేకు వేయాలి. మేడ మీద నుంచి సిమెంటు బస్తాని తాడుతో కిందికి దించడం గుర్తు తెచ్చుకోండి, తాడు వదులుతూనే బిగించి పట్టుకోవాలి కదా, అరచేతులు కోసుకుపోయేది అప్పుడే. కండరం చిరిగేది కూడా ఎక్కువగా ఆ క్షణంలోనే. 2017లో లండన్‌లో తన ఆఖరి రిలే పరుగులో ఉసేన్ బోల్ట్ కూలిపోయింది కూడా హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రెండు వారాలు విశ్రాంతి తీసుకుంటారు, నడిస్తే నొప్పి లేదు కదా అని నేరుగా గ్రౌండ్‌లోకి దిగిపోతారు, మళ్ళీ అదే చోట పట్టేస్తుంది. నొప్పి పోవడం వేరు, బలం రావడం వేరు. ఒకసారి దెబ్బతిన్న కాలికి మళ్ళీ దెబ్బ తగిలే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. నడక మామూలయ్యాక వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తే బ్రిడ్జ్‌తో మొదలుపెట్టి, నెమ్మదిగా కండరం సాగుతూ పనిచేసే వ్యాయామాలకి వెళ్ళాలి.

వాటిలో నాకు బాగా నమ్మకమున్నది నార్డిక్. జిమ్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. మోకాళ్ళ మీద నిలబడి, వెనక ఒకరు మడమలు నొక్కి పట్టుకుంటే, నడుం వంచకుండా ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా ముందుకి ఒరగాలి, ఇక ఆగలేమనుకున్నప్పుడు చేతులు నేలకి ఆనించాలి. డెన్మార్క్‌లో 50 ఫుట్‌బాల్ జట్లతో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఇది చేసిన జట్లలో కొత్త గాయాలు సుమారు 60 శాతం, తిరగబెట్టే గాయాలు సుమారు 85 శాతం తగ్గాయి. వాళ్ళు కూడా మొదటి వారం ఒక్క రోజే, ఐదేసి చొప్పున రెండుసార్లు మాత్రమే చేశారు. మొదట్లో కొత్త వ్యాయామం వల్ల తొడలు బాగా బిగుసుకుంటాయి, దానికి భయపడి మానేయొద్దు. ఇంత తేలికైన వ్యాయామం ఉన్నా మన స్కూలు గ్రౌండ్లలో, కబడ్డీ జట్లలో నేర్పించేవాళ్ళు తక్కువ, కూతకి వెళ్ళి కాలు చాచి తాకే పిల్లలకి ఇది ఎంత అవసరమో!

గాయమైనప్పుడు టప్‌మని శబ్దం వినిపించినా, తొడ నల్లగా కమిలినా, కాలు మోపలేకపోయినా ఈ వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. కండరం ఎముక దగ్గర ఊడిపోయి ఉంటే ఆపరేషన్ కూడా అవసరం కావచ్చు.

మళ్ళీ ఎప్పుడు ఆడాలో తేల్చుకోవడానికి స్వీడన్‌లో ఒక పరీక్ష తయారుచేశారు. మిగతా పరీక్షల్లో ఏ నొప్పీ లేదని తేలాక, ఆటగాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడవకుండా కాలిని తనంతట తాను వీలైనంత వేగంగా పైకి విసరమంటారు. నొప్పి లేకపోయినా మనసులో కాస్త బెరుకుగా అనిపించిందంటే చాలు, ఇంకొన్ని రోజులు వ్యాయామం చేయించి మళ్ళీ పరీక్షిస్తారు.