అట్ట మీద లేని పేరు, ఆగిపోయిన రాయల్టీ

1976 చివర్లో అమెరికాలో బాలంటైన్ సంస్థ ఒక పేపర్‌బ్యాక్ నవల వేసింది. పేరు ‘స్టార్ వార్స్’. సినిమా విడుదలకు (1977 మే 25) ఇంకా ఆర్నెల్లుంది. అట్ట మీద చిత్రకారుడు రాల్ఫ్ మెక్‌క్వారీ బొమ్మ, రచయితగా సినిమా దర్శకుడు జార్జ్ లూకస్ పేరు. లోపలి వాక్యాలు మాత్రం సైన్స్ ఫిక్షన్ రచయిత అలన్ డీన్ ఫాస్టర్‌వి. స్క్రీన్‌ప్లే ఆయన చేతికిచ్చి నవలగా మలచమన్నారు, మలిచాడు. 1960లలో మన పత్రికలూ ప్రచురణకర్తలూ ‘వెండితెర నవల’ అని వేసినవి ఈ కోవకు చెందినవే. కాకపోతే మన దగ్గర ఆ నవల మీద రాసినవాళ్ళ పేరు మామూలుగా ఉండేది.

పేరు లేనందుకు ఫాస్టర్ ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. కథ లూకస్‌ది, ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిచ్చిన ఇంటి మీద తన పేరు చెక్కాలని మేస్త్రీ అడుగుతాడా అన్నది ఆయన వాదన. అదే ఒప్పందం కింద రాసిన రెండో పుస్తకం ‘స్ప్లింటర్ ఆఫ్ ద మైండ్స్ ఐ’ 1978లో ఆయన సొంత పేరుతోనే వచ్చింది. సినిమా అంతంతమాత్రంగా ఆడితే తక్కువ ఖర్చుతో రెండోది తీయడానికి పనికొచ్చే కథ కావాలన్నారు. అందుకే కథంతా పొగమంచు కమ్మిన గ్రహం మీద నడుస్తుంది. పొగమంచు ఉంటే సెట్టు ఖర్చు తగ్గుతుంది. హాన్ సోలో పాత్ర ఉండదు, ఎందుకంటే ఆ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ రెండో సినిమాకు అప్పటికి సంతకం చేయలేదు. తర్వాత ‘ఏలియన్’ (1979), ‘ఏలియన్స్’ (1986), ‘ఏలియన్ 3’ (1992) నవలలూ ఆయనే రాశాడు.

ఇదే మనిషి విషయంలో ఒక తిరకాసు కూడా ఉంది. 1979 నాటి మొదటి ‘స్టార్ ట్రెక్’ సినిమా టైటిల్ కార్డులో ‘కథ: అలన్ డీన్ ఫాస్టర్’ అని పడుతుంది. ఆ సినిమా నవల మీద ఉన్నది ‘స్టార్ ట్రెక్’ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ పేరు. దాన్ని కూడా ఫాస్టరే చాటున రాసిపెట్టాడని చాలాకాలం పుకారు నడిచింది. అది నిజం కాదు, రాడెన్‌బెరీయే రాశాడు. ఒకసారి పేరు దాచి రాసినవాడి మీద ఇలాంటి అనుమానం జీవితాంతం ఉంటుంది.

గొడవ పేరు దగ్గర రాలేదు, డబ్బు దగ్గర వచ్చింది. 2012లో డిస్నీ 405 కోట్ల డాలర్లకు లూకస్ కంపెనీ లూకస్‌ఫిల్మ్‌ను కొంది. 2019లో 7,130 కోట్ల డాలర్లతో ‘ఏలియన్’ సినిమాల సంస్థ ఫాక్స్ ఆస్తుల్లో ఎక్కువ భాగం దాని చేతికొచ్చింది. ‘స్టార్ వార్స్’ పుస్తకాల రాయల్టీ ఆగిపోయిందని, ‘ఏలియన్’ పుస్తకాలకు డబ్బు మాట అటుంచి లెక్కల కాగితం కూడా రాలేదని ఫాస్టర్ 2020 నవంబరులో బహిరంగ లేఖ రాశాడు. సంబోధన ‘ప్రియమైన మిక్కీ’. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం (ఎస్‌ఎఫ్‌డబ్ల్యూఏ) అప్పటి అధ్యక్షురాలు మేరీ రాబినెట్ కోవాల్ ఆయన పక్షాన నిలిచారు. డిస్నీ వాదనను సంఘం ఒక్క ముక్కలో చెప్పింది: మేం హక్కులు కొన్నాం, బాధ్యతలు కొనలేదు. పైగా మాట్లాడుకోవాలంటే ముందు గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టమన్నారు. ఏం మాట్లాడుకోవాలో తేలకముందే నోరు కట్టుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు.

ఈ వాదన వినగానే నవ్వొస్తుంది గానీ, దీని వెనక పాత చరిత్ర ఉంది. 1919 నాటి ఇంగ్లండు లా రిపోర్టుల్లో బార్కర్ వర్సెస్ స్టిక్నీ అని ఒక కేసుంది. రచయిత రాయల్టీ మాట తీసుకుని కాపీరైటు ప్రచురణకర్తకు రాసిచ్చాడు. ఆ సంస్థ దెబ్బతింది, కాపీరైటు చేతులు మారింది. కొత్త యజమాని నాకు రాయల్టీ ఇవ్వాలని రచయిత కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. కాపీరైటు ఆస్తి కాబట్టి అది అమ్ముడుపోతుంది. రాయల్టీ అలా కాదు, ఇద్దరు మనుషుల మధ్య మాట. మూడోవాడికి ఆ మాట సంగతి తెలిసినంత మాత్రాన అది అతన్ని కట్టేయదంది కోర్టు.

అందుకని కొనుగోలు ఎలా జరిగిందన్నది ముఖ్యం. కంపెనీని వాటాలతో సహా మొత్తంగా కొంటే ఆ కంపెనీ అప్పులూ ఒప్పందాలూ దానితోనే ఉంటాయి. యజమాని మారాడు, సంతకం చేసిన సంస్థ మారలేదు. ఆస్తులను విడివిడిగా కొంటేనే ‘బాధ్యత మాకు రాలేదు’ అనడానికి సందు దొరుకుతుంది. లూకస్‌ఫిల్మ్‌ను మొత్తంగా కొన్నారు కాబట్టే డిస్నీ మాట రచయితలకు అంత ఘోరంగా వినబడింది. 2021లో ఆథర్స్ గిల్డ్ వంటి సంఘాలు ఎస్‌ఎఫ్‌డబ్ల్యూఏతో కలిశాయి. ఫాస్టర్ లెక్క ఆ ఏడాదే సర్దుబాటైంది.

ఇలాంటి చోట్ల ముందు ఆగేది చెక్కు కాదు, రాయల్టీ లెక్కల కాగితం, అంటే స్టేట్‌మెంటు. చాలా ఒప్పందాల్లో అది ఆరు నెలలకొకటి రావాలి. అందులో చూడాల్సినవి: ఏ కాలానికి, ఎన్ని ప్రతులు వెళ్ళాయి, ఎన్ని వెనక్కొచ్చాయి, వెనక్కొస్తాయేమోనని ఎంత పట్టి ఉంచారు, అడ్వాన్సులో ఇంకా ఎంత తీరాలి. రాయల్టీ శాతం దేని మీద అన్నది మరీ ముఖ్యం. 300 రూపాయల పుస్తకం 1,000 ప్రతులు అమ్ముడైతే, ముద్రిత ధర మీద 10 శాతం అంటే 30,000. అదే ‘నెట్’ (కమిషన్ పోగా ప్రచురణకర్తకు మిగిలేది) మీద అని రాసి, పుస్తకాల షాపుకు 40 శాతం కమిషన్ ఇస్తే నెట్ 180, చేతికి 18,000. ఒక్క మాటతో 12,000 పోయాయి. రెండు విడతలు స్టేట్‌మెంటు రాకపోతే మూడోదాని కోసం ఎదురుచూడకుండా స్పీడ్ పోస్టులో అడగాలి. ఆడిట్ చేసుకునే హక్కు, ‘మా వారసులకూ, హక్కులు కొన్నవారికీ ఇది వర్తిస్తుంది’ అన్న వాక్యం ఒప్పందంలో లేకపోతే అడిగినా బలం ఉండదు.

పేరు సంగతికొస్తే అమెరికా చట్టం రచయితకు పెద్దగా అండ కాదు. రచన నాదేనని చెప్పుకునే హక్కును కాపీరైటు మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒడంబడిక 1928లోనే చేర్చుకుంది. అమెరికా ఆ ఒడంబడికలోకి వచ్చిందే 1989లో. ‘వర్క్ ఫర్ హైర్’ కింద రాసిచ్చిన దానికి చట్టం దృష్టిలో రచయిత ఆ పని చేయించుకున్న సంస్థే. 35 ఏళ్ళ తర్వాత హక్కులు వెనక్కి తీసుకునే వీలు కూడా అలాంటి రచనలకు ఉండదు. 2003లో డాస్టార్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, సరుకు తయారుచేసినవాడే ‘మూలం’, అందులోని ఆలోచన ఎవరిదన్నది ట్రేడ్‌మార్కు చట్టం పట్టించుకోదని తేల్చింది. కాబట్టి అక్కడ పేరు కావాలన్నా ఒప్పందంలో రాయించుకోవాలి, వద్దన్నా రాయించుకోవాలి. వద్దనడానికి అమెరికా రచయిత హార్లన్ ఎలిసన్ పెట్టింది పేరు. తన కథను పాడుచేశారనిపిస్తే ‘కార్డ్‌వెయినర్ బర్డ్’ అని మారుపేరు వేయమనేవాడు. 1973లో ‘ద స్టార్‌లాస్ట్’ సీరియల్ మీద ఉన్నది ఆ పేరే. అదే ఎలిసన్ 1984లో ‘టెర్మినేటర్’ తన పాత టీవీ కథలా ఉందని పట్టుబట్టాడు. రాజీ కుదిరి తర్వాతి ప్రింట్లలో ఆయనకు కృతజ్ఞతల లైను చేరింది.

మన చట్టం ఈ విషయంలో మెరుగు. 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం హక్కులన్నీ అమ్మేసినా ‘రాసింది నేనే’ అనే హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. రచనను తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా వికృతం చేస్తే అడ్డుకోవచ్చు కూడా. హిందీ రచయిత్రి మన్నూ భండారీ 1986లో ఢిల్లీ హైకోర్టులో తన నవల మీద తీసిన ఒక సినిమా విషయంలో ఈ సెక్షన్‌నే నిలబెట్టుకున్నారు. ఉద్యోగిగా కాక బయటినుంచి రాసిచ్చిన నవలకు మొదటి యజమాని రచయితే. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ‘టైటిల్ కార్డులో పేరు వేస్తాంలెండి’ అన్న నోటిమాటతో కథ ఇచ్చేసిన తెలుగు రచయిత నిజానికి హక్కేమీ అమ్మలేదన్నమాట. అది నిరూపించుకోవడానికి తేదీ వేసిన రాతప్రతి, ఈమెయిల్, అచ్చయిన పత్రిక సంచిక చేతిలో ఉండాలి. ఉన్నా, కథలోని ఊహకు రక్షణ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

హక్కు ఎవరిదో చెప్పే కాగితం ఒకటి సత్యజిత్ రాయ్ చేతికీ వచ్చింది. 1962లో ‘సందేశ్’ పత్రికకు బెంగాలీలో రాసిన పిల్లల కథ నుంచి ఆయన 1967లో ‘ది ఏలియన్’ స్క్రిప్టు తయారుచేశాడు. తామరకొలనులో అంతరిక్ష నౌక దిగే కథ. సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ద్వారా పరిచయమైన మైక్ విల్సన్ దాన్ని కొలంబియా సంస్థ దాకా తీసుకెళ్ళాడు. హాలీవుడ్‌లో రాయ్‌కి కనబడిన సైక్లోస్టయిల్ ప్రతుల మొదటి పేజీలో ‘కాపీరైట్: మైక్ విల్సన్, సత్యజిత్ రాయ్’ అని అచ్చయి ఉంది. అడ్వాన్సు 10,000 డాలర్లు విల్సనే తీసుకున్నాడని, తనకు పైసా ముట్టలేదని రాయ్ తర్వాత రాశాడు. ఆ ఒక్క లైను చెరగనిదే ముందుకెళ్ళడం కష్టమైంది, సినిమా ఆగిపోయింది. కొంతకాలానికి క్లార్క్ నుంచి ఉత్తరం వచ్చింది: విల్సన్ గుండు కొట్టించుకుని దక్షిణ భారతదేశపు అడవుల్లోకి తపస్సుకు వెళ్ళిపోయాడని. ఆ వెనకే విల్సన్ దగ్గర్నుంచి చిన్న చీటీ వచ్చింది, ‘ది ఏలియన్’ మీద హక్కులు వదులుకుంటున్నానని.